పొగ లెక్కలో ఉన్నదెంత, లేనిదెంత?
(ప్రసంగ పాఠం)



ఈ పూట మేము అమెరికాలోని ఒక యూనివర్సిటీ ముచ్చట చెప్పబోతున్నాం. "మా వాడలో బోరింగే సరిగ్గా పనిచెయ్యదు, అమెరికా వాళ్ళ పొగతో మాకేం పని?" అని పెద్దలు అడగొచ్చు. అడగాల్సిందే. కానీ వానలు అదను తప్పితే ముందు కూలి పోయేది మనకే. ఎక్కువ పొగ వదిలిన దేశాల వాళ్ళు దాన్ని ఎట్లా తగ్గిస్తున్నారో, లెక్క ఎట్లా రాసుకుంటున్నారో మనం తెలుసుకోవద్దా?

కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీని 1891లో తెరిచారు. పెట్టినాయన రైలు కంపెనీ యజమాని. ఆ కంపెనీ పట్టాలకు కొండలు తొలిచింది వేలాది చైనా కూలీలు. యూనివర్సిటీకి మాత్రం యజమాని కొడుకు పేరు పెట్టారు. అది మనకు తెలిసిన కథే లెండి.

అసలు సంగతికొద్దాం. అక్కడ కరెంటుకూ వేడికీ గ్యాసు కాల్చే ప్లాంటు ఉండేది. ఆవిరి పుట్టించి గొట్టాల్లో భవనాలకు పంపేవారు. ఇంకోపక్క ప్రయోగశాలలకు, కంప్యూటర్లకు చల్లదనం కావాలి. చల్లబరచే యంత్రం చలిని పుట్టించదు. లోపలి వేడిని లాగి బయట పారేస్తుంది. ఫ్రిజ్జు వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది గదా, అదే. అంటే ఒక చేత్తో వేడిని ఆకాశంలోకి పారబోస్తున్నారు, రెండో చేత్తో వేడి కోసం గ్యాసు తగలేస్తున్నారు! రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ఏడాదిలో చాలా రోజులు ఈ రెండూ ఒకే గంటలో జరుగుతున్నాయని తేలింది.

2015లో ఆ ప్లాంటు మూసేశారు. చల్లదనం ఇచ్చి తిరిగొచ్చే నీళ్ళలోని వేడిని తీసి, ఆ వేడినే ఇంకో నీళ్ళలోకి ఎక్కించి భవనాలకు పంపే ఏర్పాటు చేశారు. ఆవిరి పద్ధతి పోయి వేడినీళ్ళ పద్ధతి వచ్చింది. 22 మైళ్ళ గొట్టాలు వేశారు, 155 భవనాలను దానికి తగ్గట్టు మార్చారు. ఖర్చు 48 కోట్ల 50 లక్షల డాలర్లు. అంత డబ్బు ఎవరికుంది అంటారా? నిజమే. కానీ మొదటి పని, ఎక్కడ ఎంత వృథా అవుతుందో రాసుకోవడం, దానికి కావాల్సింది కాగితమూ పెన్సిలే.

ఆ యంత్రాలు నడవాలంటే కరెంటు కావాలి. అందుకని దూరంగా రోజమండ్ దగ్గర 2016లో 67 మెగావాట్ల సోలారు, 2022లో లెమూర్ దగ్గర 88 మెగావాట్ల సోలారు పెట్టించారు. ఇప్పుడు మా కరెంటంతా సూర్యుడిదే అంటున్నారు. అయితే రాత్రి సూర్యుడుండడు గదా! రాత్రి అందరి తీగల్లోంచే తీసుకుంటారు, పగలు తిరిగిస్తారు. ఏడాది మొత్తం మీద సరిపోతుందని అర్థం.

పలకలు పరిచే నేల ఎవరిది అన్నది ఇంకో లెక్క. అప్పటి అనంతపురం జిల్లా ఎన్.పి.కుంట సోలారు పార్కుకు పోయిన భూముల్లో అసైన్డు భూములూ ఉన్నాయని మనం మరిచిపోలేదు.

ఇక కంచె బయటి లెక్క. ప్రొఫెసర్లు ఎక్కే విమానాలు, హాస్టలు వంటశాలకొచ్చే మాంసం, కొత్త భవనాల సిమెంటు, వీటన్నిటికీ పొగ ఉంది. అన్నిటికంటే పెద్దది యూనివర్సిటీ నిధి. ఆ డబ్బు ఏ కంపెనీల్లో పెడితే ఆ కంపెనీల పొగలో భాగం లేదంటారా? విద్యార్థులు ఇదే పట్టుకున్నారు. 2014లో బొగ్గు గనుల కంపెనీల్లో నేరుగా డబ్బు పెట్టబోమని ధర్మకర్తలు ఒప్పుకున్నారు. చమురు, గ్యాసు సంగతేమిటని 2015 నవంబరులో విద్యార్థులు అధ్యక్షుడి ఆఫీసు ముందు రాత్రింబవళ్ళు బైఠాయించారు. 2016లో కుదరదన్నారు. 2020లో మళ్ళీ కుదరదన్నారు. గొట్టాలు మార్చినంత తేలిగ్గా పెట్టుబడి మారదు మరి!

2022 ఫిబ్రవరిలో స్టాన్‌ఫర్డ్‌తో కలిపి అయిదు యూనివర్సిటీల విద్యార్థులు, ఈ పెట్టుబడులు చట్టవిరుద్ధమని తమ తమ రాష్ట్రాల అటార్నీ జనరళ్ళకు ఫిర్యాదులు పెట్టారు.