కొలబద్దే మారితే?
(రామంతాపూర్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రూపాయి విలువ మారుతుందని పెన్షనర్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. నోటు అదే, దానికి వచ్చే బియ్యం మాత్రం తగ్గుతాయి. అందుకే కరువు భత్యం కోసం ఎదురుచూస్తాము. అయితే పెన్షన్లు, ధరలు, నిల్వలు, అప్పులు అన్నీ రాత్రికి రాత్రి ఒకే రెట్టున పెరిగితే ఎవరికీ తేడా తెలియదు. ఒకదానితో ఒకటి పోల్చినప్పుడే మార్పు బయటపడుతుంది. ఈ సంగతి మనసులో ఉంచుకోండి.

కాంతి వేగం, గురుత్వ స్థిరాంకం ఎన్నడూ మారవని మనం చదువుకున్నాము. 1937లో డిరాక్ మహాశయుడు గురుత్వ స్థిరాంకం కాలక్రమాన తగ్గుతూ ఉండవచ్చునన్నాడు. 1961లో బ్రాన్స్, డికీ అనేవారు అది మారడానికి వీలిచ్చే సిద్ధాంతం రూపొందించారు.

ఈ ఊహకు విశ్వం పుట్టుకతో సంబంధమేమిటి? మన రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు ముగిశాక పాత టీవీలలో తెల్లచుక్కల వాన కనిపించేది కదా! అందులో నూటికి సుమారు ఒక వంతు విశ్వం బాల్యం నుంచి వస్తున్న తరంగాలది. ఆకాశంలో ఎటు చూసినా వాటి ఉష్ణోగ్రత దాదాపు ఒక్కటే. ఎన్నడూ కలుసుకోని మూలలకు ఒకే వేడి ఎలా వచ్చింది?

1981లో అలాన్ గుత్ దీనికి జవాబు చెప్పాడు. తొలి క్షణంలోని అత్యల్ప భాగంలో విశ్వం ఒక్కసారిగా ఉబ్బిందని, దగ్గరగా ఉన్నవే దూరమయ్యాయని అన్నాడు. ధరల పెరుగుదలకు వాడే ఇన్‌ఫ్లేషన్ అనే మాటే దీనికీ పెట్టారు. కాని ఆయన లెక్కలో ఆ ఉబ్బు సరిగా ఆగదు. బుడగలు పుట్టినా ఒకదానితో ఒకటి కలవవు. గురుత్వ స్థిరాంకం మారుతూ ఉంటే ఉబ్బు కొంత నెమ్మదించి బుడగలు కలుస్తాయని 1989లో లా, స్టైన్‌హార్ట్ చూపారు.

చక్కని ఆలోచనే. కాని పెద్ద బుడగల మచ్చలు ఆకాశంలో మిగలకూడదంటే ఆ మార్పు బలంగా ఉండాలి. అంగారకునిపై దిగిన వైకింగ్ నౌకల నుంచి, సూర్యుని పక్కగా వచ్చిన రేడియో సంకేతాల కొలతలు దానికి ఒప్పుకోలేదు. తొలి రూపంలో ఆ సిద్ధాంతం నిలవలేదు.

1999లో ఆల్‌బ్రెక్ట్, మగేజో మరో దారి పట్టారు. ఉబ్బు అక్కరలేదు, ఆదిలో కాంతి వేగమే చాలా ఎక్కువన్నారు. దీనికి ఇంతవరకు నిర్ధారణ లేదు. పైగా వేగాన్ని కొలిచే కొలబద్ద, గడియారం కూడా మారితే? అందుకే శాస్త్రజ్ఞులు కొలమానంతో పనిలేని ఒక నిష్పత్తిని పట్టుకున్నారు. దాని విలువ సుమారు 137లో ఒక వంతు. పూర్వం అది కాస్త తక్కువగా ఉండేదని 1999లో వెబ్ బృందం ప్రకటించింది. 2004లో పుణె శాస్త్రవేత్త ఆర్. శ్రీఆనంద్, సహచరులు చిలీలోని పెద్ద టెలిస్కోపుతో చూసి, మార్పు కనబడలేదన్నారు. వాదోపవాదాలు సాగినా, ఆ మార్పు లక్షలో ఒకటి రెండు వంతులను మించినట్లు తేలలేదు. అయితే ఆ వెలుగు వందల కోట్ల ఏళ్ళ నాటిదే గాని, తొలి క్షణానిది కాదు. కనుక ఆ తలుపు పూర్తిగా మూసుకోలేదు.

మన నగరానికి ఈ కొలతల విద్య కొత్తది కాదు. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చిన నిజామియా వేధశాలలో లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచి పట్టికలకెక్కించారు. ఊహ ఎంత గొప్పవారిదైనా తీర్పు చెప్పేది అటువంటి ఓపికైన కొలతే. క్యాంపస్‌లో చదివే మనవలు, మనవరాళ్ళు కొత్త సిద్ధాంతమేదైనా చెప్పినప్పుడు, "ఎవరన్నారు?" అని కాక, "ఎలా కొలిచారు?" అని అడగండి. మీతో వాళ్ళు మరో గంట కూర్చుంటారు.