తొలి కుర్చీ ఎక్కడ?
(సంఘ వార్షిక సభలో విద్యార్థినీ విద్యార్థులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో స్కాలర్‌షిప్పులు పంచుతాము, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బహుమతులిస్తాము, అందరమూ కలిసి ఫోటో దిగుతాము. సంతోషమే. కాని చదువు ముగించిన పిల్ల ఆర్డరు కాగితం చేతపట్టుకొని "ఇప్పుడేం చేయను?" అని అడిగితే జవాబు చెప్పేవారు మన ఇళ్ళల్లో తక్కువ.

మొన్న రంజాను వెళ్ళిన తరువాత మన సభ్యుల ఇంటి అమ్మాయి ఒకతె మా ఇంటికి వచ్చింది. ఐసెట్ రాసి, ఎం.బి.ఏ.లో హెచ్.ఆర్. తీసుకొని ప్యాసయింది. "చాచా, రెండు చోట్ల రమ్మన్నారు. ఒకటి హైదరాబాదులో, కంపెనీలకు మనుషులను వెతికిపెట్టే ఆఫీసు. ఏసీ గది, ఫోను మీద పని, ఒక్కొక్కరిని కుదిర్చినప్పుడల్లా జీతం మీద కొంత అదనం. రెండోది పాశమైలారం వైపు ఫ్యాక్టరీలో ట్రెయినీ. జీతం నెలకు నాలుగు వేలు తక్కువ. అబ్బా మొదటిదానిలో చేరమంటున్నారు. మీరేమంటారు?" అని అడిగింది.

మేము ముప్పై ఏళ్ళకు పైగా ఫ్యాక్టరీల సిబ్బంది శాఖల్లో పనిచేసి రిటైరయ్యాము. ఆ అమ్మాయికి ఆనాడు చెప్పిన జవాబునే కొంచెం విస్తరించి ఈ రోజు మీ ముందుంచుతున్నాము.

మొదట ఈ హెచ్.ఆర్. అంటే ఏమిటో చూద్దాం. పేరు కొత్తది గాని పని పాతదే. మిల్లుల తొలి రోజుల్లో కూలీలను పనిలోకి తీసుకొనేది యజమాని కాదు, మేస్త్రీ. అతనికి మామూలు ముట్టజెప్పినవాడు లోపల, ఇవ్వలేనివాడు గేటు బయట. 1929లో నియమించిన రాయల్ లేబర్ కమిషన్ 1931 నాటి తన నివేదికలో ఈ లంచగొండితనాన్ని ఎత్తిచూపింది. పనిలోకి తీసుకొనే అధికారాన్ని మేస్త్రీ చేతిలోనుంచి తప్పించి, లేబర్ ఆఫీసరు అనే ఉద్యోగికి అప్పగించాలని సూచించింది. తరువాత 1948 ఫ్యాక్టరీల చట్టం, 500 మంది లేక అంతకుమించి కార్మికులున్న ప్రతి ఫ్యాక్టరీలోను వెల్ఫేర్ ఆఫీసరు ఉండి తీరాలన్నది. 1975 ప్రాంతంలో అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.కు చెందిన ఉదయ్ పారీక్, మన తెలుగువారైన టి.వి. రావుగార్లు లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీలో మానవ వనరుల అభివృద్ధి శాఖకు రూపకల్పన చేశారు. "హెచ్.ఆర్." అన్న మాట మన దేశంలో పాతుకొన్నది ఆ తరువాతనే.

ఈ చరిత్ర ఎందుకు చెప్పామంటే, ఈ వృత్తి పుట్టిందే పనివాడికి, పనికి మధ్య నిలబడి మామూలును ఆపడానికి. పండుగ రోజు ఆఫీసులో ముగ్గులు వేయించడానికి, పుట్టినరోజు కేకు కోయించడానికి కాదు. అవీ ఉంటాయి, కాదనము. కాని అసలు పని వేరు.

ఇప్పుడు ఈ శాఖలో ఎన్ని రకాల కుర్చీలున్నాయో చూడండి. మనుషులను వెతికి ఎంపిక చేసేది ఒకటి. హాజరు, జీతం, ప్రావిడెంటు ఫండు, ఈ.ఎస్.ఐ. లెక్కలు చూసేది ఒకటి. కార్మికులతో, యూనియన్లతో, కాంట్రాక్టర్లతో మాట్లాడేది ఒకటి. శిక్షణ ఇప్పించేది ఒకటి. పెద్ద కంపెనీల్లో జీతాల స్థాయిలు నిర్ణయించే నిపుణులు వేరే ఉంటారు. కొత్తగా వచ్చినవారికి ఇవన్నీ ఒకే గదిలాగా కనబడతాయి. కాని మొదట ఏ కుర్చీలో కూర్చున్నారన్న దానిని బట్టి పదేళ్ళ తరువాత ఏ కుర్చీలు అందుతాయో చాలావరకు తేలిపోతుంది.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పక తప్పదు. మేము మొదట చేరింది ఒక మిల్లు టైమాఫీసులో, గుమస్తాగా. అక్కడ ఒక కార్మికుడు, మంచి పనివాడు, మాకు స్నేహితుడు కూడా. అతని పెళ్ళికి మేమూ వెళ్ళాము, బిర్యానీ తిని వచ్చాము. నాలుగేళ్ళ తరువాత గుండెపోటుతో పోయాడు. భార్య ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని పి.ఎఫ్. డబ్బు కోసం వచ్చింది. ఫైలు తీసి చూస్తే నామినేషను ఫారంలో అతని తల్లి పేరున్నది. పెళ్ళి కాకముందు చేరినప్పుడు రాసినది అది. ఆ తల్లి కూడా అప్పటికే కాలం చేసింది. ఇక అతని పేరు చూద్దామంటే, హాజరు పట్టీలో "ఎస్‌.కె." అని రెండక్షరాలు, ఫారంలో "షేక్" అని పేరుకు ముందు, బ్యాంకు పుస్తకంలో అదే "షేక్" పేరుకు వెనుక. మనిషి ఒక్కడే, కాగితం మీద ముగ్గురు. ఆ ముగ్గురూ ఒక్కడేనని రుజువు చేయడానికి ఆ తల్లి పధ్నాలుగు నెలలు తిరిగింది. అఫిడవిట్టు, వారసత్వపు కాగితం, మళ్ళీ అఫిడవిట్టు.

తప్పు ఎవరిది? మాది. పెళ్ళి భోజనానికి వెళ్ళిన మాకు, మర్నాడు అతన్ని పిలిచి "తమ్ముడూ, కొత్త ఫారం మీద సంతకం పెట్టు" అనాలని తోచలేదు. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ అమ్మ కూడా ఏమీ అనలేదు. అనకపోవడమే మమ్మల్ని ఈనాటికీ బాధిస్తుంది.

ఇప్పుడు ఆధార్ వచ్చింది, యు.ఏ.ఎన్. నంబరు వచ్చింది, ఇంట్లో కూర్చొని నామినేషను వేసుకొనే సౌకర్యం వచ్చింది. అయినా పేర్లు ఒకదానితో ఒకటి కలవక క్లెయిములు ఆగిపోవడం మన ఇళ్ళల్లో ఎంతమందికి అనుభవమో మీకే తెలుసు. మనం తప్పు రాస్తే కంప్యూటరు దానిని ముత్యాల్లాంటి అక్షరాలతో చూపిస్తుంది, అంతే.

కాబట్టి మా సలహా ఇది. హెచ్.ఆర్.లో తొలి కుర్చీ, హాజరు పట్టీ, జీతాల పట్టీ కనబడేచోట ఉండాలి, ఆ పట్టీలో పేరున్న మనిషి మీ ఎదుటికి వచ్చి "అమ్మా, నా జీతం ఎందుకు తగ్గింది?" అని అడిగేచోట ఉండాలి. మొదటి రెండు మూడేళ్ళు అక్కడ గడిపితే, ఆ తరువాత ఎంపికకు పోయినా, శిక్షణకు పోయినా, సాఫ్టువేరు కంపెనీకి పోయినా పునాది గట్టిగా ఉంటుంది. అటునుంచి ఇటు రావడం అసాధ్యమని అనము గాని, కష్టం.

ఇప్పుడు చేరేవారికి ఒక అవకాశం కూడా ఉన్నది. 29 పాత కేంద్ర కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చాయి. వెల్ఫేర్ ఆఫీసరును పెట్టవలసిన సంఖ్య 500 నుండి 250కి దిగింది. అలవెన్సులన్నీ కలిసి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా జీతంగానే లెక్కించాలి. పని మానినవాడికి, తీసివేసినవాడికి రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఇవన్నీ పాతికేళ్ళ అనుభవం ఉన్నవారు కూడా మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసినవి. అంటే మీరూ, మీ పై అధికారీ ఒకే పాఠం ఒకేసారి చదువుతున్నారు. శ్రద్ధగా చదివిన పిల్లవాడు మొదటి ఏడాదిలోనే ఆఫీసుకు అక్కరకు వస్తాడు.

మన పిల్లలకు ఇంకొక బలం ఉన్నది, వారికే తెలియదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. హైదరాబాదు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో బీహారు నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కార్మికులు ఎందరో. వారితో హిందీలో, ఊరివారితో తెలుగులో, పై అధికారులతో ఇంగ్లీషులో మాట్లాడగల మనిషి ఆ ఆఫీసులో ఎంత అవసరమో ఆలోచించండి. కార్మికులలో ఎక్కువమంది మాట్లాడే భాష వెల్ఫేర్ ఆఫీసరుకు వచ్చి ఉండాలని పాత నియమాల్లోనే రాసిపెట్టారు. కోర్టుకు పోకముందే ఎదురుబొదురుగా కూర్చొని మాట్లాడుకోవాలన్నది మన వి.వి. గిరిగారు జీవితమంతా చెప్పిన మాట. రైల్వే కార్మికుల నాయకుడుగా మొదలుపెట్టి, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యి, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆ పదవినే వదులుకున్నారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. మాట్లాడటం చేతకానివాడికి ఈ వృత్తి పనికిరాదు. వినడం చేతకానివాడికి అసలే పనికిరాదు.

అయితే మనుషులను ఎంపిక చేసే పని తక్కువదని మేము అనడం లేదు. అది చాలా బరువైన పని. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటెవెల్ అనే పండితులు ఒక పరిశీలన ప్రకటించారు. సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. దళితుల పేర్లు, ముస్లింల పేర్లు ఉన్న దరఖాస్తులకు పిలుపులు తక్కువగా వచ్చాయి. కాగితాలు వేరుచేసే బల్ల దగ్గర ఏం జరుగుతుందో దీనినిబట్టి తెలుస్తుంది. అందుకే అక్కడ న్యాయమైన మనిషి కూర్చోవాలి.

కాని ఒక మాట నిష్ఠూరంగానైనా చెప్పాలి. మన పిల్ల ఆ బల్ల దగ్గర కూర్చున్నదని తెలియగానే మనమేం చేస్తాము? "మా వాడి బయోడేటా కొంచెం చూడమ్మా" అని ఫోను చేస్తాము. ఎక్కడ ఖాళీ ఉన్నదో చెప్పమనండి, తప్పు లేదు. దరఖాస్తు ఎలా రాయాలో అడగండి, తప్పు లేదు. అంతకుమించి అడిగితే ఆ పిల్లను మనమే పాత మేస్త్రీగా మారుస్తున్నాము. మన పేరు చూసి పక్కన పెట్టడం ఎంత అన్యాయమో, మన పేరు చూసి లోపలికి తీసుకోవడమూ అంతే అన్యాయం.

ఇక ఆర్డరు మీద సంతకం పెట్టేముందు పిల్లలు అడగవలసిన నాలుగు ప్రశ్నలు చెబుతాము, రాసుకోండి. ఒకటి: మొదటి ఏడాది మాచేత ఏ ఏ పనులు చేయిస్తారు, ఒకే పనా, మార్చి మార్చి నేర్పుతారా? రెండు: మాకు పని నేర్పే పెద్ద ఎవరు, ఆయన ఎప్పుడైనా కార్మికుల మధ్య పనిచేశారా? మూడు: కాంట్రాక్టు కార్మికుల హాజరు, జీతం ఎవరు చూస్తారు? "అది మాకు సంబంధం లేదు" అన్నారంటే కొంచెం ఆలోచించుకోండి. నాలుగు: జీతంలో ఎంత భాగం ఖాయం, ఎంత భాగం మనుషులను కుదర్చడం మీద ఆధారపడి ఉన్నది? తలల లెక్కన డబ్బు వచ్చేచోట, ఆ తల ఎవరిదో చూసే తీరిక ఉండదు.

అమ్మాయిలు ఇంకొకటి కూడా అడగాలి. షిఫ్టు వేళలేమిటి, బండి సౌకర్యం ఉన్నదా, 2013 చట్టం ప్రకారం వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉన్నదా? పదిమంది పనిచేసే ప్రతి చోటా ఆ కమిటీ ఉండి తీరాలి. ఇది అడగడం సిగ్గుపడవలసిన విషయం కాదు. రేపు ఆ కమిటీ పని చూడవలసినది మీ శాఖే.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. "హెచ్.ఆర్. అంటే ఆడపిల్లకు కూర్చొని చేసుకొనే సుఖమైన పని" అని కొందరనుకుంటున్నారు. సుఖం కోసమైతే వేరే ఉద్యోగాలున్నాయి. జీతం కోత పడినవాడి కోపమూ, ప్రమాదంలో చేయి పోయినవాడి భార్య కన్నీళ్ళూ ముందుగా వచ్చేది ఈ బల్ల దగ్గరకే. ఆ కోపాన్ని, ఆ కన్నీళ్ళను చూసి నిలబడగల పిల్లలనే పంపండి. పంపినాక మొదటి రెండేళ్ళు పక్కింటివారి పిల్లల జీతంతో పోల్చకండి.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాము. ఫ్యాక్టరీలోనే చేరింది. వాళ్ళ నాన్నగారు ఈ సభలోనే ఉన్నారు. ఆ నాలుగు వేల విషయంలో మా మీద ఆయనకు ఇంకా కొంచెం కినుకగానే ఉన్నది. అది న్యాయమే, ఇల్లు నడిపేది ఆయన. పోయిన నెల అమ్మాయి ఫోను చేసింది. "చాచా, కొత్తగా పెళ్ళయిన వాళ్ళ జాబితా ఒకటి తయారుచేశాను. పదకొండుమంది. తొమ్మిదిమంది నామినేషను మార్పించాను. ఇద్దరు సెలవులో ఉన్నారు, రాగానే చేయిస్తాను" అన్నది.

ఫోను పెట్టేసి మేము కాసేపు ఊరికే కూర్చున్నాము.