కాఫీ పైకి జరిగితే రైతు ఎక్కడికి పోవాలి?

(ఏజెన్సీ రైతుల సదస్సులో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సుకు మైదాన ప్రాంతం నుంచి వరి, పత్తి రైతులు కూడా వచ్చారు. కాఫీ ముచ్చట మాకెందుకని వారు అనుకోవచ్చు. మామిడి పూత మీద అకాల వర్షం పడితే ఏమవుతుందో వారికి మేం చెప్పక్కర్లేదు. కాఫీ కష్టం కూడా పూత దగ్గరే మొదలవుతుంది.

చలికాలంలో కట్టిన మొగ్గ వాన కోసం కాచుకుని ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడితే పది రోజుల్లో తోటంతా ఒక్కసారే తెల్లగా పూస్తుంది. పిందె నిలవాలంటే మళ్లీ రెండు మూడు వారాలకు ఇంకో వాన కావాలి. వాన ముందే వచ్చినా, చిరుజల్లులుగా తెగిపోయినా పూత విడతలుగా వస్తుంది. అప్పుడు ఒకే కొమ్మ మీద పచ్చికాయ, ఎర్రపండు, ఎండుకాయ కలిసి ఉంటాయి. రెండు మూడుసార్లు ఏరే చోట ఐదారుసార్లు ఏరాలి. ఆ కూలి ఎవరి నెత్తిన? దీన్ని పంట నష్టమని ఎవరూ రాసుకోరు, చెట్టు మీద కాయ కనిపిస్తూనే ఉంది కదా!

ఇక వేడి సంగతి. పాడేరు, అరకు, చింతపల్లి తోటల్లో మనం పెంచేది అరబికా. దానికి ఏడాది సగటున 18 నుంచి 22 డిగ్రీల చల్లదనం కావాలి. అందుకే సుమారు 3,000 అడుగుల ఎత్తులో అది బాగా పండుతోంది. కొండ ఎక్కేకొద్దీ ప్రతి వంద మీటర్లకు రమారమి 0.6 డిగ్రీ వేడి తగ్గుతుంది. అంటే వాతావరణం ఒక్క డిగ్రీ వేడెక్కితే, అదే చల్లదనం కోసం తోట సుమారు 167 మీటర్లు పైకి జరగాలి. 2050 నాటికి ప్రపంచంలో కాఫీకి అనువైన నేల దాదాపు సగానికి తగ్గుతుందని 2015లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఈ ఏడాది నాటిన మొక్క మూడు నాలుగేళ్లకు కాపుకొచ్చి, పాతికేళ్లకు పైగా బతుకుతుంది. అంటే మనం నాటుతున్నది 2050 ఎండలకే.

మరి పైకి జరగొచ్చు కదా అంటారు. ఎక్కడికి? ఇథియోపియాలో రెండు వేల మీటర్ల ఎత్తున కూడా కాఫీ పండే నేల ఉంది. మన తూర్పు కనుమల్లో పెద్ద శిఖరాలే 1,700 మీటర్లకు లోపు. ఆ పైనున్నది చాలావరకు రిజర్వు అడవి, మన పట్టాలు దానికి కిందే ఆగిపోయాయి. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని తమ మార్కెట్లోకి రానివ్వబోమని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. అమలు వాయిదా పడుతోంది గానీ చట్టం పోలేదు. అడవి నరకమని మేమూ చెప్పం. పై అడవి పోతే కింది ఊటగెడ్డలు ఎండిపోతాయి.

మనం పైకి పోలేకపోయినా పురుగు మన దగ్గరికి వచ్చింది. కాయ తొలిచే బెర్రీ బోరర్ మన దేశంలో మొదట 1990లో నీలగిరుల్లో కనబడింది. 2025లో అరకు తోటల్లోకి దిగింది. నువ్వుగింజ కన్నా చిన్న పెంకు పురుగు, కాయ కొనను తొలిచి లోపల గుడ్లు పెడుతుంది. చలిలో దాని సంతతి నెమ్మదిగా పెరుగుతుంది, వేడి పెరిగేకొద్దీ తరం మీద తరం వస్తుంది. పురుగు పట్టిన తోటల్లో కాయ దూయించి, వేడినీళ్లలో ముంచి పాతిపెట్టించారు. ఏడాది కష్టం గోతిలోకి పోయింది. ఇకనుంచి రాలిన కాయను నేల మీద ఒక్కటి కూడా వదలకండి.

ధర బాగుంది కదా అని కొందరు మురిసిపోతున్నారు. 2025 ఆరంభంలో ప్రపంచ మార్కెట్లో అరబికా ధర రికార్డు కొట్టింది నిజమే. అందుకు పెద్ద కారణం బ్రెజిల్లో కరవు. వాళ్ల తోట ఎండితే వచ్చిన ధర, రేపు మన తోట ఎండితే ఎవరికో వస్తుంది. రొబస్టా నాటుకోమని చెప్పేవాళ్లూ ఉన్నారు. అది వేడికి ఓర్చుకుంటుంది గానీ నీటి ఎద్దడికి ఓర్చుకోదు. తోట మొత్తం మార్చేముందు ఆర్వీ నగర్ కాఫీ పరిశోధన కేంద్రాన్ని అడగండి.

మన చేతిలో ఉన్నది నీడ. నీడ ఉంటే తోటలో ఎండ తీవ్రత తగ్గుతుంది, నేల తడి నిలుస్తుంది. కాండం తొలిచే తెల్లపురుగు కూడా ఎండ తగిలే చెట్లనే ఎక్కువగా పట్టుకుంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను సిల్వర్ ఓక్ చెట్లను పడగొట్టినప్పుడు చూశాం, నీడ పోయిన కాఫీ ఎలా మాడిందో. ఒక్క సిల్వర్ ఓకే వేసుకోవడం, దాన్నీ డబ్బు అవసరం పడగానే కలప వ్యాపారికి కొట్టివ్వడం మన తప్పే. దాచుకోనక్కర్లేదు. మధ్యమధ్య పనస, నేరేడు, మామిడి ఉండాలి.

కానీ నీడ చెట్టు పెరిగేదాకా రైతు తినేదేమిటి? అందుకే ఐటీడీఏ ముందు మూడు కోర్కెలు పెడుతున్నాం. నీడ చెట్టు కాపాడిన రైతుకు ఏటా డబ్బివ్వాలి. పురుగు కోసం కాయ పాతిపెట్టిస్తే, ఆ రోజు పండు ధర రైతు చేతికందాలి. ప్రతి పంచాయతీలో వానకొలత పెట్టి, ఆ లెక్క మీదే బీమా కట్టాలి. ముప్పై కిలోమీటర్ల అవతల పడిన వాన మన పూతకు సాక్ష్యం కాదు.

వానకొలత వచ్చేదాకా మనమే రాసుకుందాం. వాన ఏ రోజు పడింది, పూత ఏ రోజు విచ్చింది, ఎన్నిసార్లు ఏరారు. ఈ మూడూ రాయడానికి బయట బల్ల మీద నోటు పుస్తకాలు పెట్టాం, ఊరికొకటి తీసుకెళ్లండి. మహాజరుతో పాటు వాటినీ జత చేస్తాం.