సౌరవిద్యుత్తుకు రహదారులు



ధాన్యమునకు గాదె కలదు. నీటికి చెరువు కలదు. విద్యుచ్ఛక్తికి అట్టి నిలువచోటు సులభముగ దొరకదు. యంత్రమునుండి వెలువడిన విద్యుత్తు ఆ క్షణముననే ఎచ్చటనో ఒక దీపమును వెలిగింపవలెను, లేదా ఒక మోటారును త్రిప్పవలెను. ఉత్పత్తికిని వాడుకకును నడుమ ఈ సమత్వము చెడకుండ కాపాడునదే గ్రిడ్ అనబడు ప్రసార వ్యవస్థ. 2012 జూలై 30, 31 తేదీలలో బీనా-గ్వాలియరు ప్రసారమార్గము అధిక భారమున ఆగిపోగా, దాని వెంట మరికొన్ని మార్గములును ఆగి, కోట్లకొలది జనులు విద్యుత్తు లేక ఇక్కట్లు పడిరి. ఒక్క మార్గపు బలహీనత ఎంతదూరము ప్రాకునో దీనివలన తెలియుచున్నది.

బొగ్గుతో నడచు కేంద్రము మన అవసరమునుబట్టి పనిచేయును. సూర్యుడును వాయువును మన ఆజ్ఞకు లోబడరు. ఇండ్లలో దీపములు పెట్టు వేళకు సూర్యుడు అస్తమించును. పైగా ఎండయు, బయలునేలయు సమృద్ధిగ గల తావులు తరచుగ పట్టణములకు దూరముగ నుండును. కర్నూలు ప్రాంతమున గని, శకునాల గ్రామముల చెంత 1000 మెగావాట్ల సౌరక్షేత్రము వెలసినది. అచ్చట పుట్టిన విద్యుత్తంతయు అచ్చటనే ఖర్చుగాదు గదా!

ఇందు కాలమునకు సంబంధించిన చిక్కొకటి కలదు. సౌరఫలకములను ఒకటి రెండు సంవత్సరములలో అమర్చవచ్చును. సర్వే, అనుమతులు, స్తంభములు, ఉపకేంద్రములు, వీనితో కూడిన పెద్ద ప్రసారమార్గమునకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. మార్గము లేనిచో, మండుటెండలో సైతము ఉత్పత్తిని ఆపుకొనవలసి వచ్చును. ఫలకములు పెట్టువాడు మార్గము కనబడనిదే ధనము పెట్టడు. మార్గము వేయు సంస్థ విద్యుత్తు వచ్చునని రూఢికానిదే అప్పు చేయదు. ఈ ముడిని విప్పుటకే ప్రభుత్వధనము ముందుగ రావలసియున్నది.

గ్రీన్ ఎనర్జీ కారిడార్ అను పేర కేంద్రప్రభుత్వము 2015లో ఒక పథకమును ఆమోదించినది. ఆంధ్రప్రదేశముతో కలిపి ఎనిమిది రాష్ట్రములలో లోపలి ప్రసారమార్గములకు సుమారు 10,142 కోట్ల రూపాయల వ్యయము అంచనా వేసిరి. అందు 40 శాతము కేంద్రపు గ్రాంటు. 40 శాతము జర్మనీ దేశపు కె.ఎఫ్.డబ్ల్యు. బ్యాంకు ఋణము; తక్కినది రాష్ట్రముల వాటా. 2022 జనవరిలో ఏడు రాష్ట్రములకు రెండవదశ మంజూరైనది. దాని అంచనా 12,031 కోట్లు. కేంద్రసాయము 33 శాతము.

అప్పు చాలదా, గ్రాంటు ఎందులకని కొందరడుగుదురు. ప్రసారసంస్థ చేసిన అప్పును, దానిపై వడ్డీయు తుదకు వినియోగదారుని బిల్లులో చేరును. గ్రాంటు ఆ భారమును తగ్గించును. మరియు 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు మార్గముతో దక్షిణభారత గ్రిడ్ తక్కిన దేశపు గ్రిడ్‌తో ఏకమైనది. ఒక రాష్ట్రపు ఎండ మరియొక రాష్ట్రపు దీపమును వెలిగించుచుండగా, మార్గపు ఖర్చును ఎండ కాయు రాష్ట్రమే భరించుట న్యాయముగాదు.

మార్గములతోపాటు నిలువయు కావలెను. నాగార్జునసాగరమునందును, శ్రీశైలము ఎడమగట్టునను ఎదురుతిరిగి పనిచేయగల యంత్రములు కలవు. అవి మిగులు విద్యుత్తుతో దిగువ నీటిని తిరిగి జలాశయములోనికి తోడగలవు. అవసరమువేళ ఆ నీటితోనే విద్యుత్తును పుట్టింపగలవు. బ్యాటరీ నిలువకేంద్రములకు మూలధనములో 40 శాతము వరకు సాయపడు పథకమును 2023లో కేంద్రము ఆమోదించినది.

ఇన్ని ఏర్పాట్లు జరిగినను, మొదటిదశ పనులు 2020 నాటి గడువును దాటిపోయినవి. అందులకు ముఖ్యకారణములలో ఒకటి నేల. స్తంభము నిలిచిన చోట రైతు పైరు వేయలేడు. తీగలక్రింద ఎత్తైన చెట్లు పెంచలేడు. అతని పొలముమీదుగ పోవు విద్యుత్తు ఎక్కడో పట్టణమునకు చేరును. 2015 నాటి కేంద్ర మార్గదర్శకములు స్తంభపు అడుగునేలకు భూమి విలువలో 85 శాతమును పరిహారముగ సూచించినవి. 2024 జూన్‌లో దానిని 200 శాతమునకును, తీగలక్రింది నేలకు పరిహారమును 30 శాతమునకును పెంచిరి. ఇది మెచ్చదగిన మార్పు. కాని కాగితముమీది శాతము రైతు చేతికందుట రాష్ట్రముల అమలుపై ఆధారపడియున్నది.

కావున ఇకముందు ప్రభుత్వమిచ్చు గ్రాంటులో ఉక్కుకును తీగకును ముందుగ నేలపరిహారమును మొదటిపద్దుగ వ్రాయవలెను. స్తంభము పాతుటకు పూర్వమే సొమ్ము అందినచో రైతుకు కోర్టుమెట్లు ఎక్కు పని తప్పును. మార్గము సకాలమున ముగియును. వేచియున్న ఫలకములు పనిచేయును. పరిహారమున మిగిల్చిన రూపాయి ఆలస్యము రూపమున అంతకు మించి పోవుచున్నదని ప్రణాళికలు వేయువారు గుర్తింతురుగాక!