ఇంటి కప్పుపై ఎండ – పంచాయతీల బాధ్యత



ఇంటి కప్పుపై పడు ఎండతో విద్యుత్తును ఉత్పత్తి చేసికొనుటకు కేంద్ర ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును ఆరంభించినది. ఒక కిలోవాటు సౌరఫలకములకు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు లేక అంతకు మించిన వానికి 78,000 సహాయము నిర్ణయింపబడినది. ఫలకములు పెట్టించుకొన్న ఇంటికి ఒక్కింటికి 1,000 రూపాయల చొప్పున పంచాయతీకిని ప్రోత్సాహకము గలదు. సర్పంచులు దీనిని మరువరాదు.

అయితే చిక్కొకటి యున్నది. ఫలకములు బిగించి, విద్యుత్ సంస్థవారు పరీక్షించిన పిమ్మటనే సహాయధనము గృహస్థుని బ్యాంకు ఖాతాకు చేరును. చేత రొక్కము లేనివాడేమి చేయవలెను? మూడు కిలోవాట్ల వరకు ఆస్తి తాకట్టు లేకయే బ్యాంకు ఋణము పొందు వీలు ఈ పథకమున గలదు. ఇది తెలియక వడ్డీవ్యాపారిని ఆశ్రయించినచో, ఎండ మీది, లాభము వానిది!

పూరికప్పు ఫలకముల బరువు నోర్వదు. అట్టి కుటుంబములకు పక్కా ఇండ్లు మంజూరైనపుడే, కప్పును ఫలకములకు తగినట్లు వేయించుటను గ్రామసభ చర్చింపవలెను.