నూనె సీసా, బీడీ కట్ట, విటమిన్ ‘ఇ’



తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారినంత మాత్రాన వంటిల్లు మారదు. తెలుగువారు గానుగ నూనె అనేదే ఇక్కడి అంగడి పలకపై ‘చెక్కు ఎణ్ణై’గా కనిపిస్తుంది. విటమిన్ ‘ఇ’ శరీరానికి చేరే ముఖ్యమైన దారులలో ఆ నూనె ఒకటి.

1922లో కాలిఫోర్నియాలో హెర్బర్ట్ ఎవాన్స్, కాథరిన్ బిషప్ ఎలుకలపై చేసిన పరిశీలనలో ఈ పోషకం బయటపడింది. గాలి తగిలి నూనె చెడినట్లే, శరీర కణాల పొరలలోని కొవ్వు సైతం ఆక్సీకరణ వలన చెడుతుంది. దానిని అడ్డుకొనుటయే ‘ఇ’ చేసే పని. ఆ పనిలో అది తానే ఖర్చయిపోతుంది.

పెద్ద చెంచా పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 5 మి.గ్రా., వేరుశనగ నూనెలో సుమారు 2 మి.గ్రా. ‘ఇ’ ఉంటుంది, కొబ్బరి నూనెలో దాదాపు లేదు. పిడికెడు వేరుశనగ గింజలలోనూ సుమారు 2 మి.గ్రా. లభిస్తుంది. అయితే గానుగ నూనె కాబట్టి అంతా శ్రేష్ఠమే అనుకోవడం తగదు. బూజు పట్టిన గింజలను ఆడిస్తే అఫ్లాటాక్సిన్ అనే విషం నూనెలోనికి వస్తుంది.

చాలా ఇళ్లలో నూనె సీసా పొయ్యి పక్కనే, కిటికీ వెలుగులోనే ఉంటుంది. వేడి, వెలుతురు, గాలి మూడూ ‘ఇ’కి శత్రువులే. బజ్జీలు వేయించిన నూనెను మర్నాడు మళ్లీ కాచినప్పుడు ముందుగా నశించేది కూడా అదే. వాణిజ్య వంటశాలలలో మాటిమాటికీ కాగిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించరాదన్న నియమం 2018 జూలై 1 నుండి అమలులో ఉంది. ఇంటి మూకుడును తనిఖీ చేసే అధికారి మాత్రం ఎవరూ లేరు.

లావవుతామని నూనె పూర్తిగా మానేవారికీ చిక్కే. ఈ విటమిన్ కొవ్వులో కరిగేది; భోజనంలో కొంత కొవ్వు లేనిదే పేగులు దానిని సరిగా గ్రహించలేవు.

తెల్లవారుజామున రైలెక్కి చెన్నై వెళ్లే కార్మికుడు టిఫిను మాని బీడీ ముట్టిస్తాడు. పొగ తాగేవారి రక్తం నుండి ‘ఇ’ త్వరగా తరిగిపోతుంది. విటమిన్ ‘సి’ తగినంత అందితే ఆ తరుగుదల కొంత నెమ్మదిస్తుంది. జామ, ఉసిరి అందుకు పనికివస్తాయి గాని బీడీకి అవి విరుగుడు కావు.

జుట్టు రాలుతున్నదని, ముఖం మెరవాలని గుళికలు కొనుట నేడు మరీ ఎక్కువైంది. కొవ్వు జీర్ణం కాని వ్యాధులు లేనివారిలో ‘ఇ’ లోపం అరుదు. అమెరికాలో 2011లో వెల్లడైన ‘సెలెక్ట్’ పరిశోధనలో రోజుకు 400 యూనిట్లు పుచ్చుకున్న పురుషులలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం అధికంగా కనిపించింది. వార్ఫరిన్ వాడేవారికి పెద్ద మోతాదు వలన రక్తస్రావ భయం ఉంది. గుళిక వాడుతున్నవారు శస్త్రచికిత్సకు ముందే ఆ సంగతి వైద్యునికి తెలపాలి. తమిళం రాకుంటే గుళికల అట్ట చూపినా చాలు.