పందెపు పడవ, బ్రతుకు పడవ

ప్రకాశం బరాజు ఎగువన నిలిచిన కృష్ణాజలమే పశ్చిమ కాలువల వెంట దిగివచ్చి తెనాలి, అమృతలూరు, రేపల్లె ప్రాంతముల పొలములను తడుపుచున్నది. 2018 నవంబరులో విజయవాడ వద్ద ఆ కృష్ణపైననే ఫార్ములా వన్ మోటారు పడవల ప్రపంచ పోటీలలో ఒక పందెము జరిగినది. గంటకు రెండు వందల కిలోమీటర్లకు మించి పరువెత్తగల పడవలవి. పడవ వెనుక వ్రేలాడు అంత చిన్న యంత్రమునకు అంత బలమెక్కడిది? మన కోస్తా తీరమున వేటపడవలకు బిగించు యంత్రమును కూడ అదే జాతిది గదా, దానినట్లు మలచుకొనరాదా? యంత్రములపై మక్కువగల యువకులకు తోచు ప్రశ్నలివి.

పడవ వెనుక పలకకు బయటినుండి తగిలించునది గనుక దీనికి ఔట్‌బోర్డు మోటారని పేరు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో వీనిని అమ్మకమునకు పెట్టి ప్రచారమునకు తెచ్చెను. ఆనాటి యంత్రపు బలము ఒకటిన్నర అశ్వశక్తి. విజయవాడ వంటి పందెములలో పేరుపొందిన రెండున్నర లీటర్ల, ఆరు సిలిండర్ల యంత్రపు బలము ఇంచుమించు నాలుగు వందల అశ్వశక్తి.

ఈ బలమునకు మూలము శ్వాస. రెండు స్ట్రోకుల యంత్రమున సిలిండరు గోడలోని రంధ్రములే ద్వారములు. పిస్టను పైకి క్రిందికి కదలుచు వానిని మూయుచు తెరచుచు నుండును. పొగ వెడలు ద్వారమును కొంచెము ఎత్తుగా చెక్కినచో అది ముందుగా తెరచుకొని, ఎక్కువ సేపు తెరచియుండును. అధిక వేగమున సిలిండరు నిండుగా ఊపిరి పీల్చుకొనును. కర్బ్యురేటర్లను పెద్దవి చేయుదురు. సిలిండరు మూతను అరగదీసి ఒత్తిడిని పెంచుదురు. 1950వ దశకమున తూర్పు జర్మనీలో వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు మోటారు సైకిళ్లపై పనిచేయుచు మరియొక మర్మమును సాధించెను. పొగగొట్టమును తగిన కొలతలతో ఉబ్బించి మరల సన్నము చేసినచో, అందు పుట్టిన ఒత్తిడి తరంగము వెనుకకు మరలివచ్చి, బయటికి జారిపోవు ఇంధనమును తిరిగి సిలిండరులోనికి నెట్టును. పందెపు యంత్రములు ఈ సూత్రముపై ఎంతయో ఆధారపడినవి.

అయితే ఈ లాభములన్నియు ఒక ఇరుకైన వేగపు పరిధిలోనే దక్కును. ఆ పరిధికి దిగువన ఆ యంత్రము నీరసించును. మరియు భ్రమణ వేగము పెరిగినకొద్ది పిస్టనును త్రిప్పికొట్టు బలము వేగపు వర్గమును బట్టి హెచ్చును. నిమిషమునకు 5,000 చుట్లు తిరుగు యంత్రమును 7,000 చుట్లు త్రిప్పినచో వేగము పెరిగినది నూటికి నలుబది పాళ్లే. కాని కడ్డీపై, బేరింగులపై పడు భారము ఇంచుమించు రెట్టింపగును. అందుచేత పందెపు యంత్రమును తరచుగా విప్పి భాగములు మార్చుచుండవలెను.

యంత్రపు బలము నీటికి అందునది ప్రొపెల్లరు ద్వారా. అది చెక్కలో దిగు మర వంటిది. ఒక్క చుట్టుకు అది సాగవలసిన దూరమును పిచ్ అందురు. యంత్రము 7,000 చుట్లు తిరుగుచు, పండ్లచక్రములు దానిని 4,000 చుట్లకు తగ్గించినవనుకొనుడు. పిచ్ అర మీటరైనచో నిమిషమునకు రెండు వేల మీటర్లు, అనగా గంటకు 120 కిలోమీటర్లు. నీరు చెక్క వలె గట్టిది కాదు గనుక నూటికి పదిపాళ్లు జారుననుకొన్నను 108 మిగులును. వేగము కోరువారు యంత్రమును పైకెత్తి బిగించి, ప్రొపెల్లరు సగము నీటిపైకి తేలునట్లు చేయుదురు. నీటి రాపిడి తగ్గును. అప్పుడు చల్లబరచు నీటిని తీసికొను రంధ్రములను క్రింది భాగపు ముక్కుకు మార్చవలెను. మార్చనిచో యంత్రము కాగి బిగిసిపోవును.

డ్రాగ్ పందెమున మలుపులుండవు. రెండు పడవలు కొద్దిపాటి దూరము తిన్నగా పరువెత్తును. అచ్చట కొలుచునది కాలము. కావున పడవ నీటినుండి ఎంత త్వరగా పైకి లేచి జారుటకు పూనునన్నదే ప్రధానము. కాని ముక్కు మితిమీరి లేచినచో క్రింద గాలి దూరి పడవ వెనుకకు బోర్లపడును. అందుచేత నడుపువాడు యంత్రమును ఆపు త్రాటిని దేహమునకు కట్టుకొనును. తాను పడిన క్షణముననే యంత్రము ఆగును. ఈ త్రాడును, తేలుడు చొక్కాయు వేటపడవకును తప్పక ఉండవలసినవే.

ఇక రెండవ ప్రశ్న. పందెగాని యంత్రము నడుమ ఆగినచో అతడు పందెమోడును. ఒడ్డున రక్షక పడవ వేచియుండును. నిజాంపట్నమునుండి తెల్లవారకముందే కడలిలోనికి పోవువానికి ఆ భాగ్యము లేదు. వలల బరువుతో, చేపల బరువుతో, మొగ వద్ద అలలనెదిరించి ఒడ్డు చేరుటకు కావలసినది తక్కువ వేగమున గట్టిగా లాగు బలము. పందెపు మార్పులు హరించునది దానినే. ఎక్కువ నూనె కలిసిన పొగను నీటిలోనికి వదలు యంత్రమును త్రాగునీటి కాలువలలో పరీక్షించుటయు తగదు.

పందెపు విద్యనుండి బెస్తవాడు గ్రహింపదగిన పాఠమొకటి కలదు. నిండు బరువుతో యంత్రమును పూర్తిగా తెరచినప్పుడు తయారుచేసినవారు చెప్పిన చుట్ల సంఖ్య అందవలెను. అందనిచో సిలిండరును చెక్కనక్కరలేదు. పిచ్ తక్కువగల ప్రొపెల్లరును బిగించిన చాలును. ఒక్క అంగుళము తగ్గించినచో నిమిషమునకు నూటయేబది నుండి రెండు వందల చుట్ల వరకు పెరుగును. యంత్రము, ప్రొపెల్లరు, పడవ — ఈ మూడును ఒకదానికొకటి పొసగుటే నిజమైన పనితనము. పందెమున గెలుపు క్షణములలో తేలును. సముద్రముపై గెలుపనగా ప్రతిదినము ఇల్లు చేరుట.